మహేంద్రగిరి ఎక్కాలంటే ఎవరిని అడగాలి?

చలికాలం వచ్చి ఆకాశం తేటపడిందంటే చాలు, పలాస, సోంపేట మధ్య రైల్లో వెళ్లేవాళ్లకు పడమటి వైపు మహేంద్రగిరి స్పష్టంగా కనిపిస్తుంది. అప్పటి నుంచి మన వైపు కుర్రాళ్ల నోట ఒకటే ప్రశ్న. ఆ కొండ ఎక్కాలంటే పర్మిషన్ కావాలా, అక్కర్లేదా? పదిమందిని అడిగితే పది రకాల జవాబులు వస్తాయి. శివరాత్రికి అంతమంది ఎక్కుతుంటే లేని పర్మిషన్ మనకెందుకని ఒకరంటారు. ఫారెస్టోళ్లు చూస్తే కేసు రాస్తారు, జాగ్రత్త అని ఇంకొకరు. అది ఒడిశా కొండ, మన ఆఫీసుల్లో అడిగి లాభం లేదని మరొకరు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. తమకు తెలిసిన ముక్క ఒక్కటే చెబుతున్నారు, అంతే.

"రక్షిత ప్రాంతం" అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ, చట్టం దగ్గరికి వచ్చేసరికి అందులో చాలా పొరలున్నాయి. నేలకు ఒక చట్టం. ఆ నేల మీద తిరిగే జంతువుకు ఇంకో చట్టం. కొండ మీది పాత గుడికీ, బౌద్ధ స్తూపానికీ వేరే చట్టం. తరతరాలుగా అక్కడే బతుకుతున్న మనుషుల హక్కులకు మళ్లీ వేరే చట్టం. ఏది ఎక్కడ వర్తిస్తుందో తెలియక కొందరు అనవసరంగా టెన్షన్ పడి కొండ ముఖమే చూడరు, ఇంకొందరు ధీమాగా వెళ్లి ఇరుక్కుంటారు. ఈ రెంటికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటుంది. పర్మిషన్ గురించి ఇంత మాట్లాడుకునేవాళ్లం, ఆ కొండ మీద కాపురం ఉంటున్నవాళ్లను మాత్రం ఎప్పుడూ అడగం.

శిఖరం అటు, నీళ్లు ఇటు

మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. ఒడిశాలోని ఎత్తయిన శిఖరాల్లో ఇదొకటి. సముద్రానికి పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలోనే ఇంత ఎత్తు లేవడం వల్ల అసలు ఎత్తుకన్నా పెద్దదిగా కనిపిస్తుంది. శిఖరం గజపతి జిల్లాలో ఉంది. అయినా శ్రీకాకుళం వాళ్లెవరికీ అది పరాయి కొండ అనిపించదు. ఆ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ మన జిల్లాలోకి దిగివచ్చి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ముఖలింగం నుంచి కళింగాన్ని ఏలిన తూర్పు గాంగులు తమ తొలి శాసనాల్లో మహేంద్రగిరి మీది గోకర్ణస్వామినే కులదైవంగా చెప్పుకున్నారు. కాళిదాసు రఘువంశంలో కళింగ రాజును మహేంద్రగిరికి అధిపతి అన్నాడు. కొండ మీద కుంతి, భీముడు, ధర్మరాజుల పేర్లతో రాతి గుళ్లున్నాయి, చోళుల విజయాన్ని చెప్పే శాసనముంది. పరశురాముడు తపస్సు చేసింది ఇక్కడేనని నమ్మి శివరాత్రికి రెండు రాష్ట్రాల నుంచీ జనం ఎక్కుతారు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు గీత పడింది. పర్లాకిమిడి పట్టణం, దాని వెనక ఉన్న కొండలు అటు వెళ్లాయి. పాతపట్నం, టెక్కలి, మందస ఇటు ఉండిపోయాయి. ఆ గీత కొండ వాలు మీద ఎక్కడా కనిపించదు. మందస వైపు నుంచి పశువుల దారి పట్టుకుని ఎక్కేవాడు ఏ మలుపు దగ్గర రాష్ట్రం దాటాడో వాడికే తెలియదు. కానీ కేసు పడితే నిలబడ్డ చోటును బట్టే పడుతుంది. ఇటు వైపైతే 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, అటు వైపైతే 1972 నాటి ఒడిశా అటవీ చట్టం. అందుకే మహేంద్రగిరి శిఖరానికి పర్మిషన్ కావాలంటే పర్లాకిమిడి అటవీ డివిజన్‌ను అడగాల్సిందే. ఇటు వైపు అడవిలోంచి నడక మొదలుపెట్టేటట్టయితే మన వైపు అటవీ శాఖ రేంజి ఆఫీసులో కూడా చెప్పాలి. ఒక్క కొండకు రెండు ఉత్తరాలు అన్నమాట. చిరాకు పుట్టించే సంగతే, కానీ ప్రస్తుతానికి దారి ఇదే.

తెల్ల సున్నం వేసిన రాయి

నేల విషయానికి వస్తే, మన కొండల్లో చాలా భాగం రిజర్వు ఫారెస్టు. అడవిని రిజర్వు చేయాలనుకున్నప్పుడు ప్రభుత్వం ముందు ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం సెక్షన్ 4 కింద తన ఉద్దేశాన్ని ప్రకటిస్తుంది. తర్వాత ఫారెస్ట్ సెటిల్‌మెంట్ ఆఫీసర్ చుట్టుపక్కల ఊళ్లవాళ్ల హక్కులేమిటో విచారిస్తాడు: ఎవరి పొలం, ఎవరి మేత, ఎవరు నడిచే దారి. ఆ తతంగమంతా అయ్యాక సెక్షన్ 15 కింద చివరి ప్రకటన వస్తుంది. అక్కడి నుంచి అది రిజర్వు అడవి. సెక్షన్ 20లో చేయకూడని పనుల జాబితా ఉంది. చెట్టు కొట్టడం, నిప్పు పెట్టడం, వేటాడటం ఎటూ ఉంటాయి. వాటితోపాటు అనుమతి లేకుండా లోపలికి చొరబడటం కూడా ఉంది. చాలామందికి తెలియనిది ఇదే. ఏమీ ముట్టుకోకుండా నడిచి వచ్చేసినా, పర్మిషన్ లేకపోతే తప్పు కిందే లెక్క.

శివరాత్రి యాత్రికుడికీ, కొండ ఊరి మనిషికీ వర్తించని రూలు ట్రెక్కింగ్ బ్యాచ్‌కే ఎందుకన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. ఊరివాడు వెళ్లే దారి మీద ఆ ఊరికి హక్కు ఉంటుంది. గుడికి వెళ్లే ఆనవాయితీ ప్రభుత్వానికి తెలిసిందే, ఆ రోజుకు రెవెన్యూ, పోలీసు, అటవీ శాఖలు ఏర్పాట్లు చేస్తాయి. పండగ రోజున ఎక్కామన్నది మామూలు రోజున టెంటు వేసుకోవడానికి అనుమతి కాదు. దారి ఒక్కటే అయినా దాని మీద నడిచే హక్కు అందరికీ ఒకేలా లేదు.

రిజర్వు అడవి ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు, కింద చూస్తే చాలు. కొండ పాదం దగ్గర, జీడితోటలు అయిపోయి తుప్పలు మొదలయ్యే చోట, మోకాలెత్తు రాయి ఒకటి పాతి ఉంటుంది. లేదా రాళ్లు గుట్టగా పేర్చి సున్నం కొట్టి ఉంటారు. దాని మీద నంబరు ఉంటుంది. వానలకు సున్నం కారిపోయి, నాచు పట్టి, ఒక్కోసారి నంబరులో సగం కూడా కనబడదు. పశువులు వీపు రుద్దుకుని ఒక పక్క నున్నగా అరిగిపోయి ఉంటుంది. ఊళ్లో ఏ కాపరిని అడిగినా "ఫారెస్టు రాయి" అని చూపిస్తాడు. ఆ రాయికి అవతల అడుగు పెడితే సెక్షన్ 20 మొదలైనట్టే.

ఆ రాయికి ఇవతల ఉన్న కొండల సంగతి వేరు. రెవెన్యూ రికార్డుల్లో కొండ పోరంబోకు, అంటే ప్రభుత్వ భూమి అని ఉన్నవి మన జిల్లాల్లో బోలెడున్నాయి. వాటిని ఎక్కుతుంటే అడ్డు చెప్పే అటవీ ఉద్యోగి ఉండడు. కానీ అడ్డులేని కొండలకు పట్టే గతి ఏమిటో టెక్కలి వైపు వెళ్తే కనిపిస్తుంది. టెక్కలి బ్లూ గ్రానైట్ అని విదేశాల్లో పేరున్న రాయి ఆ చుట్టుపక్కల మెట్టల్లోదే. క్వారీ లీజు వచ్చిందంటే కొండ ఒక పక్క నుంచి మెట్లు మెట్లుగా తరిగిపోతుంది. పర్మిషన్ల గొడవ విసుగు తెప్పించినప్పుడల్లా ఆ కోసిన కొండలు గుర్తు చేసుకోవాలంటాను. మనల్ని ఆపే చట్టమే పొక్లెయిన్‌నూ ఆపుతోంది.

అభయారణ్యం వేరు, వారసత్వ స్థలం వేరు

రిజర్వు ఫారెస్టు, అభయారణ్యం ఒకటేనని చాలామంది అనుకుంటారు. కాదు. అభయారణ్యం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వచ్చేది. దాని సెక్షన్ 27 ప్రకారం అక్కడ నివసించేవాళ్లు, అక్కడ భూమి హక్కులున్నవాళ్లు, డ్యూటీలో ఉన్న ఉద్యోగులు, లోపలి నుంచి పోయే ప్రజా రహదారి మీద వెళ్లేవాళ్లు తప్ప మిగతావాళ్లు పర్మిట్ లేకుండా వెళ్లకూడదు. సెక్షన్ 28 కింద ఆ పర్మిట్ ఇవ్వదగ్గ కారణాల్లో పర్యాటకం ఒకటి, ఫొటోగ్రఫీ ఒకటి. అంటే ఈ చట్టం సందర్శకుణ్ని పూర్తిగా పొమ్మనదు. రావడానికి ఒక పద్ధతి పెట్టింది. విశాఖ పక్కనున్న కంబాలకొండ అలాంటిదే. టికెట్టు తీసుకుని, వాళ్లు చూపించిన దారిలో నడిచి రావచ్చు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కొండల మీద మాత్రం అలా నోటిఫై అయిన అభయారణ్యం లేదు. అటు గజపతి జిల్లాలో లఖారీ లోయ అభయారణ్యం ఉంది. మన దగ్గర ఉన్నది రిజర్వు అడవులే. దీనివల్ల నడకకు వచ్చేవాళ్లకు ఒక చిత్రమైన ఇబ్బంది ఎదురవుతుంది. అభయారణ్యంలో అయితే కౌంటరుంటుంది, రేటుంటుంది, గైడుంటాడు. రిజర్వు అడవిలో ఇవేమీ ఉండవు. అర్జీ పెట్టుకోవాలి, అధికారి తన విచక్షణతో ఇస్తాడు, లేదా ఇవ్వడు. చట్టం కాస్త మెత్తగా ఉన్నచోటే మామూలు మనిషికి దారి కనపడదు.

మహేంద్రగిరికి ఈమధ్య ఇంకో పేరు వచ్చింది. 2022లో ఒడిశా ప్రభుత్వం దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. 4,250 హెక్టార్లు. ఆ రాష్ట్రంలో ఉండే మొక్కల జాతుల్లో దాదాపు 40 శాతం ఈ ఒక్క కొండ వ్యవస్థలోనే ఉన్నాయని అప్పుడు చెప్పిన కారణం. పేరు చూసి ఇక ఎవరినీ ఎక్కనివ్వరని కొందరు కంగారుపడ్డారు. ఈ గుర్తింపు 2002 నాటి జీవవైవిధ్య చట్టం సెక్షన్ 37 కింద వచ్చింది. దీని ఉద్దేశం అక్కడి జనాన్ని బయటికి పంపడం కాదు. వాళ్ల అలవాట్లకు, వాడకాలకు అడ్డు రాకుండా, వాళ్లతో కలిసి ఆ చోటును కాపాడుకోవడం. నడకకు వెళ్లేవాళ్లకు ఈ ఒక్క నోటిఫికేషన్ వల్ల కొత్తగా వచ్చిపడే ఆంక్ష దాదాపు ఏమీ లేదు, పాత అటవీ చట్టం ఎలాగూ ఉంది. అయితే మొక్కలు పీకడం, ఆర్కిడ్‌లు పట్టుకురావడం లాంటివి ఇక్కడ ఇంకా పెద్ద తప్పని గుర్తుంచుకోవాలి. మహేంద్రగిరి చుట్టూ బయోస్ఫియర్ రిజర్వు పెట్టాలన్న ప్రతిపాదన కూడా ఒడిశా ముందుకు తెచ్చింది. బయోస్ఫియర్ అంటే మధ్యలో ముట్టుకోకూడని కోర్ జోన్, చుట్టూ పరిమితంగా తిరగదగ్గ బఫర్ జోన్, ఆ బయట ఊళ్లు, పొలాలు ఉండే జోన్. మన రాష్ట్రంలో శేషాచలం అలాంటిదే, 2010లో వచ్చింది. రేపు మహేంద్రగిరికి అది వస్తే మందస వైపు కొండల సంగతేమిటన్నది మన ప్రభుత్వం ఇప్పటినుంచే ఆలోచించాల్సిన విషయం.

పాత కట్టడాలున్న కొండలది మరో లెక్క. విజయనగరం దగ్గర రామతీర్థంలో గురుభక్తకొండ మీద బౌద్ధ విహారం ఉంది. వంశధార ఒడ్డున శాలిహుండం ఉంది. ఇవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. ఎక్కడానికి ఇబ్బంది లేదు, పగటిపూట ఎవరైనా వెళ్లొచ్చు. ఇటుక కదపడం, రాయి మీద పేర్లు చెక్కడం నేరం. చుట్టూ వంద మీటర్ల లోపు కట్టడాలు కట్టకూడదు. కొత్తగా కొండలెక్కడం మొదలుపెట్టేవాళ్లు ముందు ఇలాంటి చోట్లకు వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. శృంగవరపుకోట పుణ్యగిరి కూడా ఆ కోవలోదే. గుడి దాకా దారుంది, మనుషులుంటారు.

ఏనుగులకు నోటిఫికేషన్ తెలియదు

అభయారణ్యం లేదు కదా, జంతువులూ ఉండవనుకోవడం ప్రాణాల మీదికి తెచ్చే పొరపాటు. లఖారీ వైపు నుంచి దిగిన ఏనుగులు ఏళ్ల తరబడి శ్రీకాకుళం, పాత విజయనగరం జిల్లాల కొండల అంచుల్లోనే తిరుగుతున్నాయి. వాటివల్ల మనుషులు పోయారు, పంటలు పోయాయి. వాటికీ ప్రాణాపాయం తప్పలేదు. 2023 మే నెలలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలం కాట్రగడ దగ్గర కరెంటు తగిలి ఒకేసారి నాలుగు ఏనుగులు చనిపోయాయి. గుంపు ఏ రోజు ఎక్కడుందో అటవీ సిబ్బందికి తెలుస్తుంది, మనకు తెలియదు. రేంజి ఆఫీసులో "ఈ వారం వద్దు" అన్నారంటే ఊరికే అన్న మాట కాదు.

నిజానికి నడకలో ఎక్కువ భయం ఎలుగుబంటితోనే. కొండ నుంచి ఉద్దానం జీడితోటల దాకా అది రాకపోకలు సాగిస్తుంది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగు దాడిలో ఒక మనిషి ప్రాణం పోయింది, ఇంకా కొందరు గాయపడ్డారు. జీడి, పనస పండే రోజుల్లో, ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారకముందు, చీకటి పడుతున్నప్పుడు అది తోవల మీదే ఉంటుంది. సూర్యోదయం చూడాలని చీకట్లో, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఎక్కేవాళ్లు సరిగ్గా ఆ వేళకే దానికి ఎదురుపడతారు. ఎలుగు చూపు అంతంత మాత్రం. మనిషి దగ్గరికి వచ్చేదాకా పసిగట్టక, ఉలిక్కిపడి మీద పడుతుంది. నలుగురూ మాట్లాడుకుంటూ నడిస్తే అదే పక్కకు తప్పుకుంటుంది.

గిరినాగు పేరు చెబితే అందరూ హడలిపోతారు. అది పాముల్ని తిని బతికే పాము. దూరంగా నిలబడి పోనిస్తే పోతుంది. కర్ర పట్టుకోవడం వల్లే ప్రమాదం మొదలవుతుంది, చంపితే కేసు కూడా.

ఊరిని అడగడం

ఇక మనుషుల విషయం. నేను ఎక్కువ చెప్పాలనుకున్నది దీని గురించే.

ఈ కొండల మీద సవరలు, జాతాపులు, కొండదొరలు, గదబలు ఉంటారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు సీతంపేట, పాలకొండ, పార్వతీపురం, సాలూరు మన్యం జిల్లాలోకి వెళ్లిపోయాయి. దాంతో "శ్రీకాకుళంలో, విజయనగరంలో ఇక ఏజెన్సీ ఏముంది" అనేవాళ్లు తయారయ్యారు. మందస, మెళియాపుట్టి, పాతపట్నం మండలాల కొండవార ఊళ్లకు వెళ్లి చూస్తే తెలుస్తుంది. చాలా గిరిజన గ్రామాలు గిరిజన ప్రాంతాల కోసం రాజ్యాంగంలో ఉన్న ఐదో షెడ్యూల్‌లో చేరలేదు, చేర్చమని ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. షెడ్యూల్డ్ ఏరియా అయితే 1996 నాటి పెసా చట్టం కింద గ్రామసభకు అదనపు అధికారాలుంటాయి. నాన్ షెడ్యూల్డ్ ఊరికి అవి ఉండవు. కానీ 2006 నాటి అటవీ హక్కుల చట్టానికి ఈ తేడా లేదు. అడవి ఎక్కడున్నా, షెడ్యూల్‌లో ఉన్నా లేకపోయినా అది వర్తిస్తుంది. ఆ చట్టం సెక్షన్ 5 తమ అడవినీ, వన్యప్రాణులనూ, నీటి వనరులనూ కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. కాబట్టి ఊరిని అడగడం మర్యాద ఒక్కటే కాదు, దాని వెనక చట్టం కూడా ఉంది.

మనకు ట్రెక్కింగ్ ట్రయల్ అయినది వాళ్లకు ఆస్పత్రి దారి. శృంగవరపుకోట మండలం దారపర్తి పంచాయతీ కొండ ఊళ్ల నుంచి జబ్బు పడ్డవాళ్లనూ, నెలలు నిండిన ఆడవాళ్లనూ డోలీ కట్టి మోసుకొచ్చిన వార్తలు మనం ఎన్నోసార్లు చదివాం. అదే కాలిబాట మీద మనం సెల్ఫీ కోసం ఆగి నిలబడతాం. వెనక తలమీద చింతపండు బుట్టతో సంతకు దిగుతున్న అమ్మ దారి ఇవ్వమని కూడా అనదు, తుప్పల్లోకి దిగి పక్కనుంచి పోతుంది. ఆవిడకు మనం దారి ఇవ్వాలి. ఇంత చిన్న విషయం చెప్పాల్సి రావడం కష్టంగానే ఉంది.

ఫొటోలు తీసే ముందు అడగాలి. పిల్లలకు చాక్లెట్లు పంచి ఫొటో దిగడం మానేయాలి. పైన పోడు పొలం కనిపిస్తే "అడవిని తగలబెడుతున్నారు" అని వీడియో పెట్టే ముందు, అది హక్కు పత్రం ఉన్న భూమో కాదో తెలుసుకోవాలి. ఊటనీళ్లు పట్టే చోట స్నానాలు చేయకూడదు, కింద ఊరంతా అవే తాగుతుంది. గైడుగా ఊరి మనిషిని తీసుకెళ్తే ఒక రోజు కూలికి తగ్గకుండా ముందే మాట్లాడుకుని ఇవ్వాలి. ఆయన సారా తెస్తాడా అని అడగడం ఆయనకే అవమానం.

పర్లాకిమిడిలో ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకోవడానికి ఈ కొండల్లో ఎంత తిరిగారో మనందరికీ తెలుసు. మలేరియా పట్టుకుంది, దానికి వాడిన క్వినైన్‌తో చెవుడు వచ్చింది. అయినా ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆ కొండల్లోకి వెళ్తున్నవాళ్లు కనీసం మనుషులను పలకరించే నాలుగు మాటలైనా నేర్చుకుని వెళ్లొచ్చు. మలేరియా మాత్రం ఇప్పటికీ ఉంది. రాత్రి బస ఉంటే దోమతెర తప్పనిసరి. వచ్చాక కొన్ని వారాల్లో జ్వరం వస్తే కొండకు వెళ్లిన సంగతి డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి.

సరిహద్దు తగాదా ఉన్న చోట్ల ఇదంతా ఇంకా చిక్కు. సాలూరు వైపు కొఠియా ఊళ్లు రెండు రాష్ట్రాలూ తమవే అంటాయి. 1968లో సుప్రీంకోర్టుకు వెళ్లిన వివాదం 2006లో కూడా తేలలేదు, యథాతథ స్థితి కొనసాగించమన్నారు. ఏ రాష్ట్రం కాగితం చూపించినా రెండో రాష్ట్రం ప్రశ్నించే చోటు అది. సరదా నడకకు అనువైన చోటు కాదని నా ఉద్దేశం.

కొండ రాయి, కొండ వాన

చట్టాలన్నీ సర్దుకున్నాక కొండ ఉంటుంది. తూర్పు కనుమల్లో మన వైపు ఎక్కువగా కనిపించేది ఖోండలైట్ రాయి. ఖోండ్ గిరిజనుల పేరు మీదే ఆ రాయికి ఆ పేరు వచ్చింది. ఎండకు వానకు త్వరగా చివికి ఎర్రమట్టిగా మారుతుంది. పొడిగా ఉన్నప్పుడు పట్టు బాగానే ఉంటుంది. జల్లు పడిందంటే పైపొర జారుడుబల్లే. ఎక్కేటప్పుడు తెలియదు, దిగేటప్పుడు కాలు నిలవదు. మోకాళ్ల మీద భారం పడేదీ, ప్రమాదాలు ఎక్కువ జరిగేదీ దిగుడులోనే.

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా నడకకు మంచి కాలం. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే వేడి ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి బారువ ఒడ్డుకన్నా మహేంద్రగిరి మీద తొమ్మిది పది డిగ్రీలు తక్కువుంటుంది. పైన గాలి కూడా తోడైతే డిసెంబరులో స్వెట్టరు ఒక్కటీ చాలదు. మార్చి వచ్చిందంటే ఎండుగడ్డి నిప్పు కోసం కాచుకుని ఉంటుంది. క్యాంప్‌ఫైర్ వేసుకోవాలన్న ముచ్చట ఈ అడవుల్లో చట్టానికీ విరుద్ధం, బుద్ధికీ విరుద్ధం. ఒక్క నిప్పురవ్వ లేస్తే ఆ కొండంతటికీ దిక్కు ఒకరిద్దరు అటవీ బీట్ సిబ్బంది, చేతిలో పచ్చికొమ్మలు.

వానాకాలంలో అసలు భయం గెడ్డలది, అంటే కొండవాగులది. మీరు నిలబడ్డ చోట ఎండ కాస్తూ ఉండొచ్చు. పైన, కనపడని మలుపు వెనక, గంట క్రితం పడ్డ వాన ఇప్పుడు దిగుతుంది. ముందు నీళ్ల రంగు మారుతుంది, తేటనీరు టీ రంగుకొస్తుంది. తర్వాత ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొస్తాయి. రాళ్ల మధ్య గలగల ఆగిపోయి బరువైన చప్పుడు వినిపిస్తుంది. రంగు మారిందని గమనించిన క్షణమే గట్టు ఎక్కి కూర్చోవాలి. ఇలాంటి చిన్న గెడ్డలు ఎంత వేగంగా పొంగుతాయో అంత వేగంగానూ తీస్తాయి, కొన్ని గంటలు ఓపిక పడితే చాలు. సాయంత్రం బస్సు తప్పిపోతుందని దిగినవాళ్లే కొట్టుకుపోతారు.

తుపాను హెచ్చరిక ఉంటే ఆలోచనే వద్దు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి నేలకొరిగిన సంగతి అందరికీ గుర్తుంది. ఆ వానకే అటు గజపతి జిల్లా బారఘర గ్రామంలో కొండచరియ విరిగిపడి, తలదాచుకున్నవాళ్లు తలదాచుకున్న చోటే పోయారు. చివికిన ఖోండలైట్ మీద కుండపోత వాన పడితే జరిగేది అదే.

ఏం రాయాలి, ఎవరికి ఇవ్వాలి

ఎక్కాలనుకున్న కొండ ఏ రేంజిలోకి వస్తుందో ముందు కనుక్కోవాలి. దగ్గరి అటవీ శాఖ సెక్షన్ ఆఫీసులో అడిగితే చెబుతారు. అర్జీ డీఎఫ్‌వో, అంటే జిల్లా స్థాయి అటవీ అధికారి పేరు మీద రాసి రేంజి ఆఫీసులో ఒక కాపీ ఇవ్వాలి. వెళ్లేవాళ్ల పేర్లు, ఆధార్ కాపీలు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు, ఏ రోజు ఏ ఊరి నుంచి ఎక్కి ఎటు దిగుతారు, బండి నంబరు. రాత్రి ఉండే ఉద్దేశం ఉంటే దాచకుండా రాయాలి. పగటి నడకకు సరే అని రాత్రి బసకు కాదనే అధికారులే ఎక్కువ, వాళ్లకు కారణాలున్నాయి. కనీసం పది పదిహేను రోజులు ముందే ఇవ్వాలి. కాగితం చేతికొచ్చాక ఎక్కబోయే ఊరికి ఒకసారి వెళ్లి పెద్దలతో మాట్లాడి రావాలి. దిగాక రేంజి ఆఫీసుకు ఫోన్ చేసి దిగామని చెప్పాలి. ఈ చివరి పని చాలామంది చేయరు. పైన ఎవరైనా చిక్కుకుపోయారేమోనని సిబ్బంది ఆ రాత్రి వెతుక్కోవాల్సి వస్తుంది.

అడిగేవాడికి ఇంత బాధ్యత ఉన్నప్పుడు ఇచ్చేవాళ్లకూ కొంత ఉండాలి. పాడేరు దగ్గరి వనజంగి కొండకు జనం ఎగబడ్డాక ప్లాస్టిక్ ఎలా పేరుకుపోయిందో చూశాం. ఏర్పాట్లు జనం వచ్చిన తర్వాత కాదు, రాకముందే ఉండాలి. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితులతో పర్యాటకం నడిపించిన అనుభవం మన అటవీ శాఖకే ఉంది. మందస వైపు ఒక్క దారి ఎంచుకుని, రోజుకు ఇంతమందేనని లెక్క పెట్టి, గైడ్లుగా ఆ ఊరి పిల్లలకే శిక్షణ ఇచ్చి, టికెట్టు డబ్బు గ్రామసభ ఖాతాలో వేయొచ్చు. పర్లాకిమిడి డివిజన్‌తో మాట్లాడుకుని ఒక్క అర్జీతో రెండు వైపులా చెల్లేలా చూడొచ్చు. శివరాత్రికి రెండు రాష్ట్రాల జనం ఎక్కడానికి ఏటా ఏర్పాట్లు జరుగుతూనే ఉన్నాయి. మిగతా రోజులకు కూడా అలాంటి ఏర్పాటును కాగితం మీద పెట్టమని మందస, సోంపేట, పలాస యువజన సంఘాలు కలెక్టరుకూ, డీఎఫ్‌వోకూ ఈ సీజన్ మొదలవకముందే అర్జీ ఇవ్వాలి. ఆ అర్జీ మీద మొదటి సంతకం కొండవార ఊరి పెద్దలది ఉండాలి.